అడిగి రాసిన పేర్లు: ఏబ్రహాం ఓక్పిక్ ప్రజాజీవితం



జనన మరణాల నమోదు కార్యాలయపు కిటికీ ముందు ఒక్కసారైనా నిలబడిన వారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఇంట్లో పిలిచే పేరు, బడి రిజిస్టరులోని పేరు, రేషన్ కార్డు మీది పేరు మూడూ ఒకే మనిషివి. అయినా ఆ కిటికీ దగ్గర ఆ మూడు పేర్లూ ముగ్గురు మనుషులుగా నిలుస్తాయి. ఆ ముగ్గురూ ఒక్కరేనని రుజువు చేసుకోవలసిన భారం పేరుగలవారి మీదనే పడుతుంది. పేరు రాసినవారి మీద పడదు.

ఈనాటి ప్రసంగం ఆ భారాన్ని గురించినదే. అయితే ఇందులోని కథ జరిగినది మన దేశంలో కాదు; ఉత్తర ధ్రువానికి చేరువలో, కెనడా దేశపు మంచు ప్రాంతాలలో. అక్కడి ప్రజలకు ఒకప్పుడు ప్రభుత్వ పత్రాలలో ఇంటిపేరు ఉండేది కాదు. దాని స్థానంలో ఒక సంఖ్య ఉండేది. ఆ సంఖ్యలను తొలగించి, ఆ స్థానంలో పేర్లు రాయడానికి ఊరూరా తిరిగిన శాసనసభ్యుడు ఏబ్రహాం ఓక్పిక్. అందరూ ఆయనను ఏబ్ అని పిలిచేవారు. ఆయన చేసిన పని గొప్పది. అందులో లోపాలూ ఉన్నాయి. రెండింటినీ తెలుసుకోవడం పరభాషా ప్రాంతంలో నివసించే మనకు ఉపయోగకరం.

ముందుగా ఆ దేశపు పాలనను గురించి రెండు మాటలు. కెనడాలో మన రాష్ట్రాల వంటి ప్రావిన్సులు ఉన్నాయి. వాటికి అధికారాలు రాజ్యాంగం నుండి నేరుగా లభిస్తాయి. ఉత్తరాన ఉన్న విశాలమైన భూభాగాలు మాత్రం ప్రావిన్సులు కావు, టెరిటరీలు. వాటికి అధికారాలు పార్లమెంటు చేసిన చట్టం ద్వారా సంక్రమిస్తాయి. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం వాసులకు ఈ తేడా వివరించనవసరం లేదు. నార్త్‌వెస్ట్ టెరిటరీస్, అనగా వాయవ్య ప్రాంతాలు, అటువంటి టెరిటరీలలో ఒకటి. దానికి ఒక మండలి ఉండేది. చిరకాలం ఆ మండలి వ్యవహారాలన్నీ దక్షిణాన, రాజధాని ఒటావా నగరం నుండే నడిచాయి. మంచు ప్రాంతపు తూర్పు ఊళ్లకు ఒటావా రెండు వేల కిలోమీటర్లకు పైబడిన దూరం. 1967లో గాని ఆ ప్రభుత్వం యెల్లోనైఫ్ అనే ఉత్తరాది పట్టణానికి తరలిరాలేదు.

ఆ భూమిలో అనాదిగా నివసించే ప్రజలు ఇనుయిట్‌లు. ఆ మాటకు వారి భాషలో మనుషులని అర్థం. ఒక్క వ్యక్తిని ఇనుక్ అంటారు. బయటివారు వారిని చాలాకాలం ఎస్కిమోలు అని పిలిచారు. ఆ పేరు వారు పెట్టుకున్నది కాదు. నేడు అది మర్యాదైన మాటగా చలామణిలో లేదు.

ఇనుయిట్‌ల నామకరణ పద్ధతి తెలుగు ఇళ్లలోని వారికి వింతగా తోచదు. ఇటీవల మరణించిన బంధువు పేరును పుట్టిన బిడ్డకు పెడతారు. పేరుతో పాటు ఆ పెద్దల అంశ కూడా బిడ్డలోనికి వస్తుందని వారి విశ్వాసం. అందువలన తన తండ్రి పేరు పెట్టుకున్న కొడుకును తల్లి నాన్నా అని పిలుస్తుంది. భర్త పేరు పెట్టుకున్న మనుమడిని నాయనమ్మ తన భర్తకు తగిన మాటతోనే పిలుస్తుంది. మన ఇళ్లలోనూ మామగారి పేరు పెట్టిన పిల్లవాడిని కోడలు పేరుపెట్టి పిలవక, బాబూ అనో నాయనా అనో పిలవడం ఉన్నదే. ఇనుయిట్‌లలో పేరుకు ఆడ, మగ భేదం లేదు. తాత పేరు మనుమరాలికి పెట్టవచ్చు. ఒకే మనిషికి నాలుగైదు పేర్లు ఉండవచ్చు. ఆ పేర్లలో ఒక్కొక్కటి ఒక్కొక్క బంధుత్వాన్ని తెలుపుతుంది.

వారి పద్ధతిలో లేనిది ఒక్కటే: తండ్రి నుండి బిడ్డలందరికీ సంక్రమించే ఇంటిపేరు. చిన్న సమాజంలో, ఎవరు ఎవరికి ఏమవుతారో అందరికీ తెలిసిన చోట, దాని అవసరమే లేకపోయింది.

బయటివారు వచ్చిన తరువాత చిక్కు మొదలయింది. క్రైస్తవ మిషనరీలు బైబిలు పేర్లు పెట్టారు. ఒక ఊరిలో ఒకే పేరు గలవారు అనేకులయ్యారు. పోలీసు అధికారి, వర్తకుడు, వైద్యుడు ఒక్కొక్కరూ తమ చెవికి వినిపించినట్లు, తమ ఇంగ్లీషుకు తోచినట్లు పేర్లు రాసుకున్నారు. ఒక్క మనిషి పేరు నాలుగు పుస్తకాలలో నాలుగు విధాలుగా నమోదయింది. అధికారులకు ఇది పెద్ద తలనొప్పిగా పరిణమించింది. వేలిముద్రలు సేకరించాలన్న ఆలోచన కూడా 1930లలో నడిచింది.

చివరకు 1941లో వారు ఎంచుకున్న మార్గం బిళ్ల. రూపాయి నాణెమంత గుండ్రని బిళ్ల. తాడు గుచ్చుకొని మెడలో వేసుకోవడానికి వీలుగా దానికి ఒక రంధ్రం. ఒకవైపు రాజకిరీటపు ముద్ర, దాని చుట్టూ కెనడా ఎస్కిమో గుర్తింపు అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలు. రెండవవైపు ఒక అక్షరం, కొన్ని అంకెలు. తూర్పు ప్రాంతమైతే ఈ, పడమటి ప్రాంతమైతే డబ్ల్యు. ఆపైన మండలపు అంకె, ఆపైన మనిషి సంఖ్య. ఆనాటి నుండి ప్రభుత్వానికి ఆ మనిషి అంటే ఆ సంఖ్యే.

ఈ బిళ్ల వలన ఏ మేలూ జరగలేదని చెప్పడం న్యాయం కాదు. 1945 నుండి కెనడాలో పిల్లలున్న కుటుంబాలకు నెలసరి భృతి ఇవ్వడం ప్రారంభమయింది. ఏ కుటుంబానికి ఎంత చెల్లించాలో లెక్కపెట్టడానికి అధికారులకు ఆ సంఖ్యలు పనికివచ్చాయి. ఆ భృతితోనే సంఖ్య ప్రతి ఇంటికీ చేరి పాతుకుపోయింది. అయితే అదే దేశంలోని తెల్లవారిలో ఎవరి మెడలోనూ అటువంటి బిళ్ల లేదు. బడిలో పిల్లలు తమ పేరుతో పాటు సంఖ్యను కూడా వల్లించవలసి వచ్చేది. ఉత్తరాల మీద సంఖ్య, ఆసుపత్రి చీటీ మీద సంఖ్య.

ఆసుపత్రి మాట వచ్చింది గనుక ఒక విషాదాన్ని ఇక్కడ చెప్పక తప్పదు. ఆ కాలంలో క్షయవ్యాధి మంచు ప్రాంతాలను పట్టి పీడించింది. రోగులను ఓడలలో, విమానాలలో దక్షిణాది నగరాల ఆసుపత్రులకు తరలించేవారు. 1956 నాటికి ఇనుయిట్‌లలో దాదాపు ఏడుగురికి ఒకరు ఆ విధంగా ఇంటికి దూరంగా ఆసుపత్రులలో ఉన్నారు. వారిలో కొందరు తిరిగి రాలేదు. ఎప్పుడు మరణించారో, ఎక్కడ ఖననం చేశారో చాలా కుటుంబాలకు కబురు కూడా అందలేదు. ప్రతి మనిషికీ సంఖ్య ఇచ్చి లెక్క తప్పకుండా చూసుకున్నామనుకున్న వ్యవస్థ, ఆ మనిషి ఏమయ్యాడో అతని తల్లికి చెప్పలేకపోయింది. సంఖ్య కార్యాలయానికి మనిషిని చూపింది; ఇంటివారికి చూపలేదు.

ఈ నేపథ్యంలో ఏబ్ ఓక్పిక్ జీవితాన్ని పరిశీలించాలి. ఆయన 1929లో, పడమటి వైపున మెకంజీ నది సముద్రంలో కలిసే డెల్టా ప్రాంతంలో జన్మించారు. మిషనరీల వసతి పాఠశాలలో ఇంగ్లీషు నేర్చుకున్నారు. ఆనాడు ఇటు ఇనుయిట్ భాష, అటు ఇంగ్లీషు రెండూ బాగా వచ్చినవారు బహు తక్కువ. అందువలన దుబాసీ పని ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. రెండు భాషలు తెలిసినవాడికి రెండు వైపుల మాటలూ వినిపిస్తాయి. కార్యాలయం ఏమి అడుగుతున్నదో తెలుస్తుంది, ఎదుటివారు దానిని ఏమని అర్థం చేసుకుంటున్నారో కూడా తెలుస్తుంది. ఓక్పిక్ ప్రజాజీవితానికి పునాది ఇదే.

ఎస్కిమో వ్యవహారాల సంఘం అనే సలహా సంఘం ఒకటి 1952 నుండి ఒటావాలో సమావేశమవుతూ ఉండేది. దానిలో అధికారులు, మతాధిపతులు, వర్తక సంస్థల వారు కూర్చొని ఇనుయిట్‌ల మంచిచెడ్డలు నిర్ణయించేవారు. ఆ బల్ల చుట్టూ ఇనుయిట్‌లు మాత్రం లేరు. 1959లో మొదటిసారిగా కొద్దిమంది ఇనుయిట్ ప్రతినిధులను ఆహ్వానించారు. వారిలో ఓక్పిక్ ఒకరు. అటుపిమ్మట ఆయన వ్యాసాలు కూడా రాశారు. తన భాషను, తన జీవన విధానాన్ని మరచిన మనిషి గుంపులో కలిసిపోయి ఆనవాలు లేకుండా పోతాడన్నది ఆ రచనలలోని హెచ్చరిక.

1965లో ప్రభుత్వం ఆయనను వాయవ్య ప్రాంతాల మండలికి సభ్యుడిగా నియమించింది. ఆ మండలిలో కూర్చున్న మొదటి ఇనుక్ ఆయనే. ఇక్కడ నియమించింది అన్న మాటను గమనించాలి. తూర్పు మంచు ప్రాంతాలకు అప్పటికి మండలి నియోజకవర్గాలే లేవు. దేశపు పార్లమెంటుకు ఓటు వేసే హక్కు 1950లో చట్టరీత్యా లభించినా, చాలా ఇనుయిట్ గ్రామాలకు ఓటు పెట్టెలు చేరినది 1962లో మాత్రమే. హక్కు కాగితం మీద ఉండడానికి, పెట్టె ఊరికి రావడానికి మధ్య పన్నెండేళ్లు గడిచాయి.

మరుసటి సంవత్సరం, 1966లో, మంచు ప్రాంతాలకు మండలిలో స్థానాలు ఏర్పడ్డాయి. తూర్పు స్థానం నుండి సిమోనీ మైఖేల్ గెలిచారు. కెనడాలో ఒక శాసనమండలికి ప్రజల ఓటుతో ఎన్నికైన మొదటి ఇనుక్ ఆయన. ఆయనది ఫ్రోబిషర్ బే అనే ఊరు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం విమానాశ్రయం కట్టడంతో పెరిగిన ఊరది. మైఖేల్ వడ్రంగి, చిన్న వ్యాపారి. ఓక్పిక్ వలెనే దుబాసీ. ఇళ్లు లేని కుటుంబాల కోసం గృహ సహకార సంఘం పనిలో ముందు నిలిచినవారు. ఇళ్లు, నీరు, ప్రజారోగ్యం మొదలైన వాటి కోసం మండలిలో పనిచేశారు.

ఆ మైఖేల్ మండలిలో లేవనెత్తిన విషయాలలో ఒకటి సంఖ్యల సమస్య. తనను సంఖ్యతో గుర్తించడం ఇక సమ్మతం కాదని ఆయన సభలో ప్రకటించారు. ఆలోచించి చూస్తే అందులోని వైపరీత్యం తెలుస్తుంది. చట్టాలు చేసే సభలో సభ్యుడు. సభ్యుడిగా ఆయన పేరు పలకాలి. ప్రభుత్వపు పుస్తకాలలో మాత్రం ఆయన కూడా ఒక బిళ్ల సంఖ్యే. అంతవరకు ఆ ఫిర్యాదు ఇళ్లలో, వేట గుడారాలలో మాత్రమే వినిపించేది. ఓటుతో వచ్చిన స్థానం దానిని సభా కార్యక్రమాల పత్రంలోకి తెచ్చింది.

ప్రభుత్వం సంఖ్యలను తొలగించి ఇంటిపేర్లను నమోదు చేయాలని నిర్ణయించింది. ఆ కార్యక్రమానికి ప్రాజెక్ట్ సర్‌నేమ్ అని పేరు. అప్పటి కమిషనర్ స్టువార్ట్ హాడ్జ్‌సన్ పాలనాకాలంలో, 1968 నుండి 1971 వరకు అది సాగింది. దానిని నడిపే బాధ్యత ఏబ్ ఓక్పిక్‌కు అప్పగించారు.

ఆ పని ఎటువంటిదో ఊహించడం కష్టం కాదు. ఆ ఊళ్ల మధ్య రహదారులు లేవు. చిన్న విమానంలో వెళ్లాలి. వాతావరణం అనుకూలించకపోతే ఎక్కడ దిగితే అక్కడే ఆగాలి. ఊరు చేరిన తరువాత కుటుంబ పెద్దలను కలుసుకోవాలి. మీ కుటుంబానికి ఏ పేరు ఉండాలని కోరుకుంటున్నారు అని వారి భాషలో అడగాలి. పడమటి మాండలికంలో పెరిగిన ఓక్పిక్ తూర్పు మాండలికాలవారితో సంభాషించాలి. వారు చెప్పిన పేరును ఇంగ్లీషు అక్షరాలలో ఏ విధంగా రాయాలో నిర్ణయించాలి. ఇంటిపేరు అనే పద్ధతే లేనివారికి దాని ప్రయోజనం ముందుగా వివరించాలి. పలు కుటుంబాలు తండ్రి పేరునో, తాత పేరునో ఎంచుకున్నాయి. ఆ విధంగా ఒకనాటి వేటగాడి పేరు, అతని సంతతి అంతటికీ ఇంటిపేరుగా నిలిచింది.

ఈ పనిలోని సారం అడగడం. 1941లో బిళ్లలు పంచినప్పుడు ఎవరినీ అడగలేదు. అంతకు ముందు పేర్లు రాసినవారు కూడా తమకు వినిపించినది రాసుకున్నారే తప్ప అడిగి సరిచూసుకోలేదు. ఓక్పిక్ అడిగారు. అడిగినవాడు తమవాడు, తమ భాష మాట్లాడేవాడు కావడం వలన వారు నోరు విప్పి చెప్పగలిగారు. 1970ల తొలి సంవత్సరాలలో ఆ టెరిటరీలోని పత్రాలలో బిళ్ల సంఖ్యల స్థానంలో పేర్లు చేరాయి.

అయితే ఈ కథను ఇక్కడ ముగించి చప్పట్లు కొట్టడం సబబు కాదు. ప్రాజెక్ట్ సర్‌నేమ్ మీద తరువాతి కాలంలో పరిశోధకులు, ఇనుయిట్‌లు కూడా తీవ్రమైన విమర్శలు చేశారు. అవి నిరాధారమైనవి కావు.

మొదటిది తొందర. అంత విశాలమైన భూభాగంలో కొద్ది కాలంలో ముగించవలసిన పని. ఆ రోజున ఊరిలో లేనివారు, వేటకు పోయినవారు, దక్షిణాన బడిలోనో ఆసుపత్రిలోనో ఉన్నవారు ఎందరో. వారి తరఫున ఇంటివారో మరొకరో పేరు చెప్పారు. తిరిగి వచ్చిన తరువాత గాని తమకు కొత్త ఇంటిపేరు వచ్చిన సంగతి కొందరికి తెలియలేదు. తోబుట్టువులకు వేరువేరు ఇంటిపేర్లు నమోదైన సందర్భాలూ ఉన్నాయి.

రెండవది అక్షరక్రమం. ఇనుయిట్ భాషలో గొంతు లోతు నుండి పలికే ధ్వనులు ఉన్నాయి. ఇంగ్లీషు రాతలో అవి ఒక్కొక్కచోట ఒక్కొక్క రూపం ధరించాయి. ఆ విధంగా రాసిన పేరును చదివితే అది ఎవరి పేరో వారే పోల్చుకోలేని స్థితి ఏర్పడింది. తరువాతి దశాబ్దాలలో చాలామంది తమ పేర్లను సరైన అక్షరాలతో చట్టరీత్యా మార్పించుకోవలసి వచ్చింది.

మూడవది అన్నింటికంటె లోతైనది. సంఖ్యను తీసివేసి పెట్టినది పేరే అయినా, ఆ పేరు అమరిక దక్షిణాదివారిది. తండ్రి పేరు కుటుంబమంతటికీ, భార్యకు భర్త ఇంటిపేరు, పేరుకు ముందొకటి, చివరొకటి. ఆడ, మగ భేదం లేని పేర్లు, ఒక్క మనిషికి నాలుగైదు బంధుత్వాలను తెలిపే పేర్లు ఆ రెండు గడులలో ఇమడలేదు. స్త్రీల మాట తక్కువగా వినబడింది; కుటుంబ పెద్ద అంటే పురుషుడని దరఖాస్తు ముందే తీర్మానించింది.

ఓక్పిక్ ఈ దరఖాస్తును తయారుచేసినవారు కారు. దానిని మోసుకొని వెళ్లినవారు. ఆయన చేతిలో ఉన్నది అడిగే విధానం మాత్రమే. గడుల సంఖ్య, వాటి వరుస, గడువు తేదీ ఇవన్నీ ఇతరుల చేతిలో ఉన్నాయి. కనుక ఆయన కృషిని కొలిచేటప్పుడు ఈ రెండింటినీ విడదీసి చూడాలి. అడిగి రాసినందువలన ఎందరో తమ తాతల పేర్లను కాగితం మీద నిలుపుకోగలిగారు. గడులు ముందే గీసి ఉన్నందువలన ఆ పేర్లు కొంత నలిగాయి.

పేర్ల పని ముగిసిన తరువాత కూడా ఓక్పిక్ ప్రజాసేవ ఆగలేదు. 1974 నుండి 1977 వరకు న్యాయమూర్తి థామస్ బర్జర్ ఒక విచారణ నిర్వహించారు. మెకంజీ లోయ గుండా సహజవాయువు గొట్టపు మార్గం వేయవచ్చునా అన్నది ఆ విచారణ విషయం. బర్జర్ 35 జనావాసాలకు స్వయంగా వెళ్లి, వేటగాళ్ల మాటలు, గృహిణుల మాటలు విన్నారు. ఆ సాక్ష్యాలను కెనడా ప్రభుత్వరంగ ప్రసార సంస్థ సీబీసీ రేడియో ద్వారా ఇంగ్లీషుతో పాటు ఉత్తరాది ప్రజల భాషలలో కూడా ప్రసారం చేసింది. ఇనుయిట్ భాషలో ఆ వార్తలు వినిపించిన గొంతు ఓక్పిక్‌ది. ఒక ఊరివారు నిన్న ఏమి చెప్పారో మరొక ఊరివారు నేడు తమ భాషలో విన్నారు. విన్నందువలన తాము ఏమి చెప్పాలో ఆలోచించుకోగలిగారు. చివరకు బర్జర్ ఆ లోయలో గొట్టపు మార్గాన్ని పదేళ్ల పాటు నిలిపివేయాలని సిఫారసు చేశారు. సభలో సభ్యుడిగా ఉన్ననాడు చేసిన పనే ఓక్పిక్ రేడియో ముందు కూర్చొని కూడా చేశారు: ప్రజల మాటను చెడకుండా అటువైపు చేర్చడం, ప్రభుత్వపు మాటను అర్థమయ్యేటట్లు ఇటువైపు చేర్చడం.

1976లో కెనడా ప్రభుత్వం ఆయనను ఆర్డర్ ఆఫ్ కెనడా పురస్కారంతో గౌరవించింది. ఆయన జీవితంలో చాలా భాగం తూర్పున ఫ్రోబిషర్ బేలో గడిచింది. 1997లో అక్కడనే కన్నుమూశారు. అప్పటికి ఆ ఊరి పేరు ఫ్రోబిషర్ బే కాదు. 1987 జనవరి 1 నుండి అది ఇకాలుయిట్. చేపలు సమృద్ధిగా ఉండే చోటని ఆ మాటకు అర్థం. ఒక ఇంగ్లీషు నావికుడి పేరు పోయి, అక్కడివారు మొదటి నుండి పిలుచుకొనే పేరే అధికారికమయింది. 1999 ఏప్రిల్ 1న వాయవ్య ప్రాంతాల తూర్పు భాగం నునావుట్ అనే కొత్త టెరిటరీగా ఏర్పడినప్పుడు ఆ ఊరే దానికి రాజధాని అయింది. నునావుట్ అంటే మన భూమి. ఇకాలుయిట్‌కు ఆనుకొని ఉన్న ఏపెక్స్ అనే పేటలోని సమావేశ మందిరానికి ఏబ్ ఓక్పిక్ పేరు పెట్టుకున్నారు. పెళ్లిళ్లకు, సభలకు, పిల్లల ఆటలకు వాడుకొనే అటువంటి మందిరమే ఆయనకు తగిన స్మారకం. సిమోనీ మైఖేల్ 2008లో మరణించారు.

పేర్ల కథ వారి తోనే ముగియలేదు. కెనడా జాతీయ గ్రంథాలయ, పురాతత్వ సంస్థలో ఉత్తరాది ప్రజల పాత ఛాయాచిత్రాలు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో చాలా వాటి కింద ఎస్కిమో స్త్రీ, వేటగాడు అని మాత్రమే రాసి ఉండేది. 2000ల తొలి సంవత్సరాలలో ఆ చిత్రాలను ఊళ్లకు తీసుకువెళ్లి వృద్ధులకు చూపించే కార్యక్రమం మొదలయింది. ఈమె మా పిన్ని, ఇతడు మా పెదనాన్న అని వారు చెప్పగా పేర్లు రాసుకున్నారు. ఇక క్షయవ్యాధికి దక్షిణాదికి వెళ్లి తిరిగి రానివారి సమాధులను వెతికి కుటుంబాలకు తెలియజేసే ప్రయత్నానికి 2019లో ప్రభుత్వం పూనుకున్నది. ఆ సంవత్సరం మార్చి 8న కెనడా ప్రధానమంత్రి ఇకాలుయిట్ వెళ్లి నాటి వ్యవహారానికి క్షమాపణ చెప్పారు. ఆ ప్రయత్నానికి నానిలావుట్ అని పేరు. వారిని వెతుకుదాం అని దాని భావం. ఒక తరంవారు అడగక రాసిన దానిని సరిదిద్దడానికి మూడు తరాలు పట్టింది.

ఇప్పుడు మళ్లీ మన కిటికీ దగ్గరకు వద్దాం. తెలుగువారి బాధ ఇనుయిట్‌ల బాధతో సమానమని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. మన మెడలో ఎవరూ బిళ్ల వేయలేదు. కానీ గడుల ఇబ్బంది మనకు పరిచితమే. మనకు ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత. మహారాష్ట్రలో మొదట వ్యక్తి పేరు, తరువాత తండ్రి పేరు లేదా భర్త పేరు, చివర ఇంటిపేరు. తమిళనాడులో పేరు ముందుండే పొడి అక్షరం సాధారణంగా తండ్రి పేరుది. మన పొడి అక్షరం ఇంటిపేరుది. బడిలో చేర్చేటప్పుడు ఈ తేడా చెప్పకపోతే, రెండు తరాలు గడిచేసరికి ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలి, ఆ అక్షరం దేనిని సూచిస్తుందో మనుమలకు తెలియకుండా పోతుంది. ఒకే లక్ష్మి పేరు మూడు కాగితాలలో మూడు రకాల ఇంగ్లీషు అక్షరాలతో ఉండడం ఏ ఇంట్లోనైనా కనబడేదే.

ఓక్పిక్ ఊళ్లు తిరుగుతున్న ఆ సంవత్సరాలలోనే, 1969లో, మన పార్లమెంటు జనన మరణాల నమోదు చట్టం చేసింది. ఆ చట్టంలోని రెండు సెక్షన్లను ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి. 14వ సెక్షన్ ప్రకారం, పేరు నిర్ణయించక ముందే జననాన్ని నమోదు చేయించవచ్చు. పేరును తరువాత చేర్చవచ్చు. నమోదైన 12 నెలలలోపు చేర్చడానికి రుసుము లేదు. ఆ తరువాత నిబంధనలు నిర్ణయించిన కాలం వరకు ఆలస్య రుసుముతో చేర్చవచ్చు. కనుక బారసాల జరగలేదని నమోదును ఆపనవసరం లేదు. తొందరలో తోచిన పేరు చెప్పనవసరమూ లేదు. 15వ సెక్షన్ తప్పుల సవరణకు సంబంధించినది. తప్పుగా నమోదైనదని రిజిస్ట్రారుకు రుజువైతే సవరించవచ్చు. అయితే అసలు నమోదును కొట్టివేయరు. అంచున సవరణను రాసి, సంతకం చేసి, తేదీ వేస్తారు. తప్పు, ఒప్పు రెండూ ఆ పుటలో పక్కపక్కనే నిలుస్తాయి.

దరఖాస్తు నింపేవారు చేయగలిగిన పని ఒకటున్నది. ఇంటిపేరును పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయించండి. ఇంగ్లీషు అక్షరక్రమాన్ని ఇంట్లోనే నిశ్చయించుకొని, చీటీ మీద రాసి తీసుకువెళ్లండి. నమోదైన తరువాత పుటను చదివి వినిపించమని అడగండి. భార్య పేరు, తల్లి పేరు ఏ విధంగా ఉండాలో వారినే అడిగి రాయించండి. కిటికీకి అవతల కూర్చున్నవారు చేయగలిగిన పని కూడా ఒకటే: వినబడినది రాసుకోక, ఎదుటివారిని అడిగి రాయడం, రాసినది తిరిగి చదివి వినిపించడం. దానికి బడ్జెటు కేటాయింపు అక్కరలేదు. అర నిమిషం ఓపిక కావాలి.

మంచు ప్రాంతాలలో ఒక దుబాసీ ఊరూరా దిగి ఇంటింటివారినీ అడిగిన ప్రశ్న చాలా చిన్నది. మీ పేరు ఏమని రాయమంటారు? ఆ ప్రశ్న ఇరవై ఎనిమిదేళ్ల ముందే ఎవరైనా అడిగి ఉంటే బిళ్లల అవసరమే ఉండేది కాదు. మన కార్యాలయాలలో ఆ ప్రశ్న ప్రతిదినమూ వినిపించాలని, దానికి సమాధానం చెప్పడానికి మన కుటుంబాలు సిద్ధంగా ఉండాలని కోరుతూ ఈ ప్రసంగం ముగుస్తున్నది.